ఎక్స్ఎంఎల్ నేర్చుకుందాం రండి
(ఉచిత నైపుణ్య శిక్షణకు ఎంపికైనవారికి మొదటి రోజు తరగతిలో చెప్పిన మాటలు)



మీలో చాలామంది ఇళ్ళల్లో ఏదో ఒక పథకం అందుతూ ఉంటుంది. అమ్మమ్మకు పింఛను, తమ్ముడికి ఫీజు రీయింబర్స్‌మెంట్, నాన్నకు పెట్టుబడి సాయం. ఆ డబ్బు ఎప్పుడైనా ఆగిపోతే ఆఫీసులో ఏం చెబుతారు? "పేరు కలవలేదు", "తేదీ తప్పు పడింది", "సిస్టమ్ తీసుకోవట్లేదు" అంటారు. ఆ తిప్పలు మీకు తెలుసు. ఈ శిక్షణలో అదే పనిని అవతలి వైపు నుంచి చూస్తారు. ఆ సిస్టమ్ తయారుచేసేవాళ్ళ కుర్చీలో కూర్చుంటారు.

ఎక్స్ఎంఎల్ అంటే ఏమిటి?

ఇది ప్రోగ్రామింగ్ భాష కాదు, కాబట్టి భయపడక్కర్లేదు. వివరాలను పేరు పెట్టి రాసే పద్ధతి, అంతే. వంటింట్లో డబ్బాల మీద "కందిపప్పు", "మినప్పప్పు" అని చీటీలు అంటిస్తాం కదా, అలాంటిదే. 1998 ఫిబ్రవరిలో డబ్ల్యూ3సీ అనే సంస్థ దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. చీటీలు తెలుగులో కూడా రాయొచ్చు. ఇది చూడండి:

<లబ్ధిదారు>
  <పేరు>లక్ష్మి</పేరు>
  <పుట్టినతేదీ>1961-05-04</పుట్టినతేదీ>
  <పింఛను>4000</పింఛను>
</లబ్ధిదారు>

ఈ చీటీనే ట్యాగు అంటారు. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి. లోపల తెరిచినదాన్ని ముందు మూసి, తర్వాతే బయటిది మూయాలి. మొత్తానికి బయట ఒకే ఒక్క పెద్ద ట్యాగు ఉండాలి. ఇంగ్లిషులో రాస్తే పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరు వేరు.

తేదీని చూశారా? మనం 04-05-1961 అని రాస్తే ఒకరు మే 4 అనుకుంటారు, ఇంకొకరు ఏప్రిల్ 5 అనుకుంటారు. అందుకే ఎక్స్ఎంఎల్ స్కీమాలో తేదీ అంటే ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు.

ఇది ఎక్కడ వాడతారు?

మీ చేతిలోని ఫోను నుంచే మొదలుపెడదాం.

- ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఒక జిప్ ఫైలు. మీరు పెట్టుకున్న షేర్ కోడ్‌తోనే తెరుచుకుంటుంది. లోపల ఉండేది ఎక్స్ఎంఎల్. అందులో పేరు, చిరునామా, ఫొటో ఉంటాయి కానీ పూర్తి ఆధార్ నంబరు ఉండదు. డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి ఒక్క అక్షరం మార్చినా దొరికిపోతుంది.
- యూపీఐలో డబ్బు పంపినప్పుడు బ్యాంకులకూ ఎన్‌పీసీఐకీ మధ్య నడిచే సందేశాలు ఎక్స్ఎంఎల్‌లో ఉంటాయి.
- పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్ 2013 నుంచి ఐఎస్ఓ 20022 అనే ప్రమాణం మీద నడుస్తోంది. ఆ సందేశాలూ ఎక్స్ఎంఎల్‌లోనే.
- ఆండ్రాయిడ్ యాప్‌లలో తెర మీద బటన్ ఎక్కడుండాలో ఎక్స్ఎంఎల్‌లో రాయొచ్చు. ట్యాలీలోకి లెక్కలు ఎక్కించడానికీ, బయటికి తీయడానికీ ఇది పనికొస్తుంది.

ఒక నిజం కూడా చెప్పాలి. కొత్త వెబ్ యాప్‌లలో ఎక్కువగా జేసన్ అనే పద్ధతి వాడుతున్నారు. ఒక్క ఎక్స్ఎంఎల్ వస్తే ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. దీంతోపాటు జావా గానీ పైథాన్ గానీ, డేటాబేస్ పని గానీ రావాలి. కానీ బ్యాంకుల్లో, ప్రభుత్వ శాఖల్లో, పెద్ద కంపెనీల్లో పాత సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట ఎక్స్ఎంఎల్ తెలిసినవాళ్ళ అవసరం ఇప్పటికీ ఉంది.

ఒక్క గుర్తు వల్ల ఆగిన ఫైలు

నేను పనిలో చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. విద్యార్థుల చెల్లింపుల ఫైలు ఒకటి పంపితే మొత్తం తిరిగొచ్చింది. ఒక పేరో రెండు పేర్లో కాదు, ఫైలులో ఉన్నవాళ్ళందరివీ ఆగిపోయాయి. పొద్దున నుంచి వెతికితే సాయంత్రానికి దొరికింది. ఒక కాలేజీ పేరులో "ఆర్ట్స్ & సైన్స్" అని ఉంది. ఆ మధ్యలో ఉన్న & గుర్తుకు ఎక్స్ఎంఎల్‌లో ప్రత్యేకమైన అర్థం ఉంది, దాన్ని నేరుగా రాయకూడదు. దాని బదులు &#38; అని రాయాలి. అలాగే < గుర్తుకు బదులు &#60; అని రాయాలి.

ఎక్స్ఎంఎల్ చదివే పార్సర్ ఊహించుకుని సరిదిద్దదు. తప్పు కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. ఆ రోజు ఆగింది ఫైలే కదా అనుకోవచ్చు. కానీ ఆ ఫైలులో ఎంతోమంది పిల్లల ఫీజులున్నాయి.

ఏ వరుసలో నేర్చుకోవాలి?

1. ముందు నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాయండి. మీ ఇంటి రేషన్ కార్డులోని వివరాలు ఎలా అమరుతాయో ఊహించి, ఉత్తుత్తి పేర్లతో రాయండి. యూటీఎఫ్-8లో దాచండి, లేకపోతే తెలుగు అక్షరాలు చెడిపోతాయి. బ్రౌజర్‌లో తెరిస్తే తప్పు ఏ వరుసలో ఉందో చెబుతుంది.

2. తర్వాత స్కీమా. ఏ ట్యాగు తప్పనిసరి, ఎక్కడ అంకె ఉండాలి, ఎక్కడ తేదీ ఉండాలి అని రాసుకునే ఒప్పందం ఇది. ఫైలు పంపేవాళ్ళకూ తీసుకునేవాళ్ళకూ మధ్య తగాదా రాకుండా చూస్తుంది.

3. తర్వాత ఎక్స్‌పాత్. వేలమంది ఉన్న ఫైలులో "పింఛను ఆగినవాళ్ళు ఎవరు?" అని ఒక్క వరుసలో అడగడం దీంతో వస్తుంది.

4. చివరిగా ప్రోగ్రామ్‌తో చదవడం. చిన్న ఫైలైతే మొత్తం మెమరీలోకి తీసుకునే డామ్ పద్ధతి చాలు. పెద్ద ఫైలైతే ముక్కలు ముక్కలుగా చదివే సాక్స్ పద్ధతి కావాలి. లేదంటే సర్వర్ మోకరిల్లుతుంది. బయటివాళ్ళు పంపిన ఫైలు చదివేటప్పుడు ఎక్స్‌టర్నల్ ఎంటిటీలను ఆపేయండి. వాటి ద్వారా సర్వర్‌లోని రహస్య ఫైళ్ళు లాగేయవచ్చు.

స్కీమా చెప్పలేనిది

పైన రాసిన లక్ష్మి గారి తేదీని ఎవరో పొరపాటున 1971 అని కొట్టారనుకోండి. స్కీమా ఏమంటుంది? "తేదీ సరిగ్గానే ఉంది" అంటుంది. రూపం సరిపోయింది కాబట్టి సిస్టమ్ ఒప్పుకుంటుంది. కానీ ఆవిడ వయసు పదేళ్ళు తగ్గిపోయింది, పింఛను రాదు. స్కీమా రూపాన్ని చూస్తుంది, నిజాన్ని చూడలేదు.

అందుకే మీరు సిస్టమ్ తయారుచేసే రోజు ఈ రెండూ మరచిపోకండి. ఒకటి, తిరస్కరించినప్పుడు కారణం రాయడానికి ఒక ట్యాగు పెట్టండి. ఉత్త "రిజెక్ట్" అన్న మాట పట్టుకుని ఎవరూ ఆఫీసుల చుట్టూ తిరగకూడదు. రెండు, తప్పును సరిదిద్దుకునే దారి ఒకటి ఉంచండి. క్యూలో నిలబడినవాళ్ళ బాధ మీకు తెలుసు కాబట్టి, ఈ పని మీరు బాగా చేయగలరు.

గుర్తుంచుకోండి

- సాధన కోసం అసలు మనుషుల ఆధార్, బ్యాంకు వివరాలు వాడకండి. ఆన్‌లైన్‌లో ఫైలు సరిచూసే సైట్లలో అలాంటివి అస్సలు పెట్టకండి.
- మీ ఆధార్ ఫైలునూ షేర్ కోడ్‌నూ నమ్మకం లేనివాళ్ళకు పంపకండి.
- రోజుకో గంటైనా చేత్తో రాయండి. చూసినంత మాత్రాన రాదు.
- అర్థం కాకపోతే తరగతిలోనే అడగండి. ఇంగ్లిషు రాదని వెనక్కి తగ్గొద్దు.

రేపు వచ్చేటప్పుడు మీ ఊరి కిరాణా కొట్టు బిల్లు ఒకటి తెచ్చుకోండి. దాన్నే ఎక్స్ఎంఎల్‌లో రాద్దాం. మొదటి పాఠం అదే.