జీతం ఎంతని కాదు, నిద్ర ఎంతని అడుగుదాం

(దళిత తల్లిదండ్రులు, యువజనుల మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను భూమి గురించి, శ్మశానం దారి గురించి మాట్లాడబోవడం లేదు. అవి మన పోరాటాలే, వాటిని వదిలేది లేదు. కానీ ఇప్పుడు మన పల్లెల్లో ప్రతి వీధి నుంచీ ఒకరో ఇద్దరో హైదరాబాదులోనో బెంగళూరులోనో కంప్యూటరు కంపెనీల్లో పని చేస్తున్నారు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి, ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీరింగు చదివి, అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి కోచింగు తీసుకుని వెళ్ళిన పిల్లలు. వాళ్ళ కష్టం గురించి మాట్లాడేవాళ్ళు లేరు. "ఏసీ గదిలో కూచుని చేసే పనికి కష్టమేంట్రా" అని మనమే అంటున్నాం.

ఆ పని ఎలా నడుస్తుందో ముందు తెలుసుకుందాం. అమెరికాలో ఒక బ్యాంకో, ఇన్సూరెన్సు కంపెనీయో తన కంప్యూటరు పని ఇక్కడి కంపెనీకి అప్పజెబుతుంది. ఇక్కడి కంపెనీ అమ్మేది సరుకు కాదు, మనుషుల గంటలు. ఇంత డబ్బుకి, ఇన్ని నెలల్లో చేసి పెడతామని గుత్తకు తీసుకుంటుంది. పోటీలో పని దక్కించుకోడానికి రేటు తగ్గిస్తుంది, గడువూ తగ్గిస్తుంది. ఆరుగురు చెయ్యాల్సిన చోట నలుగుర్ని పెడుతుంది. మిగిలిన ఇద్దరి పని ఆ నలుగురి నెత్తిన పడుతుంది.

మన నాట్ల గుత్త ఉంది చూడండి, అక్కడ బేరం ఆడేది మనమే. పెందలాడే ముగిస్తే పెందలాడే ఇంటికొస్తాం. ఈ గుత్తలో బేరం ఆడేది ఒకరు, నడుం వంచేది ఇంకొకరు. తొందరగా చేస్తే ఇంటికి పంపరు, ఇంకో పని ఇస్తారు.

పైగా మన సాయంత్రం వాళ్ళకు పొద్దున. పగలంతా పని చేసిన పిల్లవాడు రాత్రి పది, పదకొండు దాకా అమెరికా వాళ్ళతో మీటింగులో ఉండాలి. 13 గంటలు చేసినా చాలాచోట్ల లెక్కలో రాసేది 8, 9 గంటలే. ఉన్నది ఉన్నట్టు రాస్తే గుత్త లెక్క తప్పిందని పైవాళ్ళు మేనేజర్ని అడుగుతారు. అందుకని మేనేజరు రాయనివ్వడు.

ఏడాదికోసారి మార్కులు వేస్తారు. అందరూ బాగా చేసినా జట్టులో కొందరికి తక్కువ మార్కు పడి తీరాలని చాలా కంపెనీల్లో ఒక లెక్క ఉంటుంది. నేను బడిపంతుల్ని. నలభైమంది బాగా రాస్తే నలభైమందినీ పాసు చేస్తాను. అక్కడ ఎంతమంది ఫెయిలు కావాలో ముందే అనుకుని, ఆ తర్వాత పేర్లు వెతుకుతారు. ఆ పేర్లలో ఎవరిది వస్తుంది? మేనేజరుతో బంధుత్వం కలిసేవాడిదా, ఎవరూ లేని మన పిల్లదా? ఇంటిపేరేంటి, ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు, ఇంట్లో ఏం వండుకుంటారు అని అడిగేది ఊరికే కాదు. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషను లేదు గాని కులం లేదని ఎవరన్నారు?

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఊరు పేరు అడగొద్దు. వాళ్ళమ్మ మిరపకాయ కోతకు వెళ్ళి చదివించింది. పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చిందని పల్లెంతా మిఠాయి పంచారు. రెండేళ్ళకు ఆ పిల్ల ఒక రాత్రి నాకు ఫోను చేసింది. మీటింగులో అందరి ముందూ మేనేజరు "నీకు ఇంగ్లీషు రాదు, నిన్నెవరు తీసుకున్నారు" అంటున్నాడట. సెలవడిగితే మార్కులు తగ్గిస్తానంటున్నాడట. మూడు నెలలుగా రోజూ నాలుగు గంటల నిద్ర. ఆ రోజు పిలిచి రాజీనామా రాసి వెళ్ళమన్నారు. "ఇంట్లో చెప్పావామ్మా?" అన్నాను. "తమ్ముడి ఫీజు, ఇంటి అప్పు నా జీతం మీదున్నాయి సార్. చెబితే నాన్న తట్టుకోలేడు" అంది.

ఆసామి కొడుక్కి ఉద్యోగం పోతే వెనక పదెకరాలుంది. మనవాళ్ళకు వెనక ఉన్నది అప్పు. ఆ సంగతి మేనేజరుకు బాగా తెలుసు. వదిలి పోలేనివాడి మీదే బరువు ఎక్కువ వేస్తారు. మన తాతలు పాలేరుతనంలో చూసింది ఇదే కదా! అందుకే ఇది పిల్లల చేతగానితనం కాదంటున్నాను.

2024లో పుణేలో ఒక పెద్ద కన్సల్టింగు సంస్థలో చేరి కొద్ది నెలలే అయిన ఒక అమ్మాయి చనిపోయింది. పని భారమే నా బిడ్డను పొట్టన పెట్టుకుందని తల్లి కంపెనీకి ఉత్తరం రాసింది. కంపెనీ ఒప్పుకోలేదు. అదే కాలంలో పెద్దలేమంటున్నారు? 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పని చెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి చైర్మన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది, ఆదివారంతో సహా.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించే సవరణ 1946లో వచ్చింది. అంటే 80 ఏళ్ళ కిందట ఆయన ఎక్కడికి తెచ్చారో, వీళ్ళు అక్కణ్ణించి వెనక్కి లాగుతున్నారు.

ప్రభుత్వాలూ తక్కువేం తినలేదు. 1988 నాటి షాపులు, సంస్థల చట్టంలోని పనిగంటల సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు మినహాయింపు జీవోలు ఇస్తూ వచ్చాయి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చింది. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. ఆ జీవోలో కూడా వారానికి 48 గంటలే హద్దు. అంతకు మించితే ఓవర్‌టైము ఇవ్వాలి.

ఇప్పుడేం చెయ్యాలి? తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రాసుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. బాండు కాయితం చదవకుండా సంతకం పెట్టొద్దు. నువ్వు పని చేసిన గంటలు రోజూ నీ సొంత పుస్తకంలో తేదీతో రాసుకో. నోటితో తిట్టిన దానికి, నోటితో ఇచ్చిన ఆర్డరుకు అదే రోజు మెయిలు పెట్టు. అందరి ఎదుట కులం పేరుతో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆడపిల్లలతో అసభ్యంగా ప్రవర్తిస్తే 2013 చట్టం కింద ఆఫీసులోనే కమిటీ ఉండాలి.

రాజీనామా రాయమంటే ఆ రోజు రాయొద్దు. కంపెనీ తీసేస్తే నోటీసు, పరిహారం లెక్కకొస్తాయి. నువ్వే పోయినట్టు రాస్తే వాళ్ళకు ఆ బాధ్యత ఉండదు. రాయించుకోడానికి తొందర అందుకే. "ఇంజనీరు కార్మికుడు కాడు, నీకు చట్టం వర్తించదు" అని బెదిరిస్తారు. చెన్నైలో 2015లో తీసేసిన ఒక ఐటీ ఉద్యోగి ఏడేళ్ళు పోరాడాడు. అతను చేసింది మేనేజరు పని కాదని తేల్చి, 2022లో లేబరు కోర్టు అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకోమంది. హోదా పేరు ఏదైనా చేసే పని ఏంటన్నదే లెక్క.

ఒంటరిగా ఉండొద్దు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. బెంగళూరులో ఐటీ ఉద్యోగులు 2017లో యూనియను రిజిస్టరు చేసుకున్నారు. 2024లో అక్కడ 14 గంటల పనిదినం ప్రతిపాదన వస్తే ఆ యూనియను వీధికెక్కింది. ప్రతిపాదన అప్పటికి ఆగింది.

ఇక పెద్దవాళ్ళతో ఒక మాట. ఆ అమ్మాయి ఆ రోజు సంతకం పెట్టలేదు. మర్నాడు నేనూ, ఇద్దరు సంఘం మిత్రులూ వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విని, "పిల్ల ఉంటే చాలయ్యా, అప్పు కూలికెళ్ళి తీరుస్తాం" అన్నాడు. ఆ మాట ఫోనులో విన్నాకే ఆ పిల్లకు ధైర్యం వచ్చింది. నాలుగు నెలలు పట్టుబట్టి, రావాల్సిన డబ్బు తీసుకునే బయటికొచ్చింది. ఇప్పుడు తక్కువ జీతానికి ఇంకోచోట చేస్తోంది. రాత్రిళ్ళు నిద్రపోతోంది.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఫోను చేసినప్పుడు జీతం పడిందా అని ముందు అడక్కండి. తిన్నావా, ఎన్ని గంటలు పడుకున్నావు, ఎవరన్నా ఏమన్నా అంటున్నారా అని అడగండి. ఉద్యోగం పోతే ఇల్లుందిరా అని చెప్పండి.

సంఘం కార్యకర్తలకు నా ప్రతిపాదన ఇది. మన మండలం నుంచి ఏ కంపెనీలో ఎవరున్నారో ఊరూరా జాబితా రాద్దాం. పండక్కి వచ్చినప్పుడు వాళ్ళందర్నీ ఒకచోట కూచోబెడదాం. ఒక వకీలునూ, ఒక డాక్టర్నూ పిలుద్దాం. ఏ రాత్రి ఏ పిల్ల ఫోను చేసినా ఎత్తడానికి మనలో ఇద్దరి నంబర్లు వాళ్ళ దగ్గర ఉండాలి. ఆ ఇద్దరూ ఎవరో ఈ సభ ముగిసేలోపు తేల్చుకుందాం.

జై భీం!