మూత్రపిండములో నీటితిత్తి

తెలకపల్లి ప్రాంతమునుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. అరువదేండ్లు దాటిన వారి తండ్రిగారికి పొట్ట పైభాగమున నొప్పి వచ్చినదట. స్కానింగు తీయింపగా ఎడమ మూత్రపిండములో 4 సెంటీమీటర్ల సింపుల్ సిస్టు ఉన్నదని రిపోర్టు వచ్చినది. ఊరిలో ఒకరు గడ్డ అన్నారు, మరియొకరు క్యాన్సరేమో అన్నారు. ఆపరేషను ఖర్చునకై ఎద్దుల జతను అమ్మవలెనా అని వారి ప్రశ్న.

సిస్టు అనగా తిత్తి. పలుచని పొర, లోపల తేటనీరు. వయస్సు మీరినకొలది ఇవి ఏర్పడును. ఏబది దాటినవారికి సి.టి. స్కాను తీసినచో సుమారు నలుగురిలో ఒకరికి కనబడును. తల నెరయుట వంటిదే ఇదియు. మన తాతలకును ఉండియుండును. చూచు సాధనము లేదు గనుక భయమును లేదు. ధ్వనితరంగములతో పొట్టలోని గడ్డలను పరీక్షించు విధానమును గ్లాస్గోలో అయన్ డోనాల్డు 1958లో ప్రకటించెను. ఆ యంత్రము నేడు చిన్న పట్టణములకును వచ్చినది. వెదకనిదియు కనబడుచున్నది.

అన్ని తిత్తులును ఒక్కటి కావు. 1986లో అమెరికా వైద్యుడు మోర్టన్ బోస్నియాక్ వీనిని తరగతులుగా విభజించెను. పొర పలుచగా ఉండి, లోపల అడ్డుగోడలుగాని సున్నపు పేరుకలుగాని లేనిది మొదటి తరగతి. అది క్యాన్సరు కాదు. మూడవ తరగతిలో దాదాపు సగము, నాలుగవదానిలో అధికభాగము క్యాన్సరు కావచ్చును. కావున రిపోర్టులో సిస్టు అను మాటకన్న దాని ముందున్న సింపుల్ అను మాట ముఖ్యము.

సామాన్యపు తిత్తికి చాలవరకు చికిత్సయే అక్కరలేదు. నడుము ప్రక్క ఎడతెగని నొప్పి, చీము పట్టుట, మూత్రము దిగు దారికి అడ్డుపడుట వంటివి ఉన్నప్పుడే వైద్యులు పూనుకొందురు. అప్పుడును పెద్ద కోత అవసరము లేదు. స్కానింగులో చూచుచు, మత్తిచ్చిన చోట సన్నని సూది గ్రుచ్చి నీటిని తీయుదురు. కాని లోపలిపొర మరల నీరూరును. అందుచేత ఖాళీ అయిన తిత్తిలో శుద్ధమైన ఆల్కహాలును నింపి, కొన్ని నిమిషములుంచి తిరిగి లాగివేయుదురు. పొర మాడి ఊట నిలిచిపోవును. (కల్లు దుకాణమునకును దీనికిని సంబంధము లేదని మనవి.) తిత్తికిని మూత్రనాళమునకును దారి ఉన్నచో ఆల్కహాలు హాని చేయును, అందుకే ముందుగా రంగుమందు ఎక్కించి చూతురు.

తిత్తి మిక్కిలి పెద్దదైనను, తిరిగి నిండినను లాపరోస్కోపీ మేలు. మూడు చిన్న రంధ్రములగుండ కెమెరాను, పనిముట్లను పంపి తిత్తి పైకప్పును మాత్రము కత్తిరింతురు. అడుగుపొరను మూత్రపిండముపైననే విడుతురు. 1992లో బొంబాయి వైద్యుడు డాక్టర్ గౌర్ ఒక ఉపాయమును ప్రకటించెను. రబ్బరు చేతితొడుగు వేలును గొట్టమునకు కట్టి, రక్తపోటు చూచు పరికరపు పంపుతో ఊది, మూత్రపిండము వెనుక చోటు కల్పించుట! పేగుల జోలికి పోకుండ వీపువైపునుండియే పని జరుగును. ఇంత చవుకయైన సాధనము మనదేశపు బుద్ధికి తగినదే.

గొర్రెల మందలున్న పాలమూరు వైపు మరియొక మాట చెప్పవలెను. కుక్కల మలములోని ఒక పురుగు గ్రుడ్లు మనిషి కడుపులో చేరిన హైడాటిడ్ తిత్తి ఏర్పడును. మూత్రపిండములో ఇది అరుదు. కాని సాధారణపు నీటితిత్తి యనుకొని సూది గ్రుచ్చినచో ప్రాణాపాయము కలుగవచ్చును. ఇంటిలో మందయు కాపలాకుక్కయు ఉన్నవని వైద్యునకు తప్పక చెప్పవలెను.

ఇక ఉత్తరము సంగతి. 4 సెంటీమీటర్ల సామాన్యపు తిత్తి సాధారణముగా పొట్ట పైభాగమున నొప్పి కలిగింపదు. కారణము జీర్ణాశయములోనో పిత్తాశయములోనో ఉండవచ్చును, దానిని వెదకింపవలెను. నాగర్‌కర్నూలులో 2022నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. రిపోర్టును, స్కాను చిత్రములను తీసికొనిపోయి అడుగుడు: ఇది మొదటి తరగతిదేనా? మూత్రమునకు అడ్డుపడుచున్నదా? క్రియాటినిన్ ఎంత? ఆ జవాబులు వచ్చువరకు ఎద్దులను సంతకు తోలవద్దు.