రాలిపోయిన సున్న
(కోవిల్‌పట్టి యువజన సమావేశమున విరుదునగరు వర్తకుడొకరు చేసిన ప్రసంగము)



నేను మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి అంగడిలో కూర్చుండినవాడను. కంప్యూటరు శాస్త్రము చెప్పుటకు తగినవాడను గాను. అయినను మన యిండ్ల బిడ్డలు పలువురు చెన్నై, బెంగుళూరులలో వ్యాపారసంస్థలకు సాఫ్ట్‌వేర్ వ్రాయుచున్నారు. అట్టి సాఫ్ట్‌వేరుతోనే మనము బిల్లులు వేయుచున్నాము. కావున నాకు తగిలిన దెబ్బను వారికి చెప్పుట మేలని తలచితిని.

నేను ఎండుమిరపకాయలును, ఈ యూరి అగ్గిపెట్టెలును అమ్ముదును. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన తరువాత సరకులకు కోడ్ వ్రాయవలసి వచ్చినది. అగ్గిపెట్టెలకు 3605, ఎండుమిరపకు 0904. ఒక నెల లెక్క దాఖలు చేయగా అగ్గిపెట్టెల పద్దులు చెల్లినవి. మిరప పద్దులు తిరిగివచ్చినవి. వానిలో కోడ్ 904 అని యున్నది. బహుకాలముగా నమ్మకముతో పనిచేయుచున్న గుమాస్తాను నలుగురి యెదుట నిందించితిని. “అయ్యా, నేను సున్న కొట్టితిని” అని యతడు మొఱపెట్టినను వినలేదు.

మన బంధువులలో ఒక యువకుడు వచ్చి చూచెను. ఆ గడిని సంఖ్యగా నిర్ణయించి యుండిరి. సంఖ్యకు ముందరి సున్నకు విలువ లేదు గనుక యంత్రము దానిని పారవైచినది. 3605కు ముందు సున్న లేదు గనుక దానికి హాని కలుగలేదు.

అతడు మొదట ఆ గడిపై “నాలుగు అక్షరములకు తగ్గరాదు” అను అనోటేషన్ తగిలించెను. అనోటేషన్ అనగా మనము బస్తాకు కట్టు చీటీ వంటిది. 2004లో జావా భాషలో చేరినది. ప్రోగ్రాము కూర్చునప్పుడు ఏ తప్పును కనబడలేదు. నడిపినంతనే, ఈ రకపు గడికి ఈ నియమము చెల్లదని ఆగిపోయినది. అక్షరములకు నిడివి కలదు గాని సంఖ్యకు లేదు గదా! పిమ్మట ప్రోగ్రాములో గడిని అక్షరములుగా మార్చెను. డేటాబేసులో సంఖ్యగానే మిగిలియుండుటచే సున్న మరల రాలినది. గడి, చీటీ, డేటాబేసు మూడును ఏకమైన తరువాతనే పని చక్కబడినది. అప్పటికిని పాత పద్దులలో పోయిన సున్నలు వాటంతట రాలేదు. అసలు బిల్లులతో సరిచూచి దిద్దవలసి వచ్చినది.

ఇది చిల్లర తప్పని తలపకుడు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు, 64 బిట్ల దశాంశసంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చబోయి, ఇమడక, ఎగిరిన నలుబది సెకండ్లలోపుననే నాశనమైనది.

యువకులారా! కూడుటకును హెచ్చించుటకును పనికిరాని అంకెలను సంఖ్యలుగా నిలువచేయకుడు. ఫోను నంబరు, పిన్‌కోడ్, సరకు కోడ్ అట్టివి. రూపాయలను ఫ్లోట్ రకమున ఉంచకుడు, పైసలు తేడాపడును. తప్పు వచ్చినచో చెల్లిన పద్దును, చెల్లని పద్దును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. తెరపై, ప్రోగ్రాములో, డేటాబేసులో, పంపిన ఫైలులో ఆ విలువ ఎచ్చట మారినదో వరుసగా వెదకుడు. ఒక్కొక్క మార్పే చేసి పరీక్షింపుడు.

నిందించిన నలుగురి యెదుటనే గుమాస్తాను క్షమింపుమని కోరితిని. అతడు నవ్వి లెక్కలో కూర్చుండెను. ఆ నవ్వును తలచినప్పుడెల్ల నాకు నేటికిని సిగ్గు కలుగును. మీరు వ్రాయు ప్రతి గడి వెనుక అట్టి గుమాస్తా యొకడు మాట పడుటకు సిద్ధముగా నున్నాడని మఱవకుడు.