ఒకటే క్రియాటినిన్, రెండు రకాల కిడ్నీలు

తమిళనాడులోని పెన్నాగరం చుట్టుపక్కల పల్లెల నుంచి పెద్దవాళ్లను ధర్మపురి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే, రక్తం తీసి చేసే పరీక్షల్లో క్రియాటినిన్ ఒకటి. రిపోర్టులో 1.0 అని ఉంటే, కిడ్నీలు బాగున్నాయని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ నిశ్చింత ముప్పై ఏళ్లవాడికి చెల్లుతుంది, ఎనభై ఏళ్ల అవ్వకు చెల్లదు. ఎందుకో చెబుతాను.

క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. కాబట్టి రక్తంలో తేలే అంకెకు ఎంత పుట్టిందన్నదీ, ఎంత బయటికి పోయిందన్నదీ రెండూ కారణాలే. వయసు మీదపడి, మంచాన పడి, కండ కరిగిపోయినవాళ్లలో పుట్టేదే తక్కువ. తొట్టిలోకి పడే ధార సన్నబడితే, తూము సగం పూడినా నీళ్లు పొంగవు కదా. ఇదీ అంతే.

దీన్ని సరిదిద్దడానికి 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఒక లెక్క చెప్పారు. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగించాలి. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. 70 కిలోల ముప్పై ఏళ్ల మగమనిషికి, 40 కిలోల ఎనభై ఏళ్ల అవ్వకు ఒకే 1.0 ఉందనుకుందాం. అతని కిడ్నీలు నిమిషానికి సుమారు 107 మిల్లీలీటర్లు శుభ్రం చేస్తాయని లెక్క తేలుతుంది. అవ్వకు వచ్చేది 28. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ మోతాదును, ఈ అంకె 30కి దిగువన ఉంటే, తగ్గించాలి. తగ్గించకపోతే మందు ఒంట్లో పేరుకుని రక్తస్రావం కావచ్చు.

ఆ లెక్క 249 మంది మీద, అదీ మగవాళ్ల మీద కట్టిన పాత లెక్క కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, ఆడవాళ్లకు పెట్టిన 0.85 కూడా కొలిచి తేల్చింది కాదు, ఉజ్జాయింపు. పైగా 2021లో వచ్చిన కొత్త సూత్రం అవ్వకు 57 ఇస్తుంది. అయితే అది 1.73 చదరపు మీటర్ల ఒంటి వైశాల్యానికి సరిపెట్టిన అంకె. పొట్టిగా, బక్కగా ఉన్న అవ్వ ఒంటికి దాన్ని మారిస్తే 42 దగ్గర ఆగుతుంది. ఇలాంటి సూత్రాలు మాంసం తక్కువ తినే మనదేశస్థుల కిడ్నీలను ఉన్నదానికంటే మెరుగ్గా చూపుతాయని చండీగఢ్ పీజీఐ వైద్యుల పరిశోధనలోనూ తేలింది. రోజూ రాగిసంగటి తిని, కూలిపనితో బక్కచిక్కిన ఒంటిని ఆ సూత్రాలు కట్టినవాళ్లు ఊహించి ఉండరు. సిస్టాటిన్ సి అనే పరీక్ష కండ మీద అంతగా ఆధారపడదు గానీ ఖర్చెక్కువ. థైరాయిడ్ తేడా ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా అదీ తప్పుదారి పట్టిస్తుంది.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. తక్కువ అంకె చూసి భయపడి యాంటీబయాటిక్ తగ్గిస్తే, ఇన్ఫెక్షన్ ముదరదా? ముదురుతుంది. అందుకే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్‌లో మొదటి డోసును సాధారణంగా తగ్గించరు. తర్వాతి డోసుల దగ్గరే కిడ్నీ లెక్క చూస్తారు. వాంతులు, విరేచనాలతో కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడైతే ఏ సూత్రమూ పనికిరాదు. క్రియాటినిన్ పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోపు మూత్రం ఎంత వస్తోందో కొలవడమే దారి.

ఇంత లెక్కలోనూ తరచు గురి తప్పేది బరువు దగ్గర. మంచం దిగలేని అవ్వను తూచకుండా, చూపుతోనే 55 కిలోలని రాస్తే, 28 కాస్తా 39 అవుతుంది. మందు తగ్గించాల్సిన గీటు 30 దగ్గరుంది. అవ్వ కాగితం మీద దాన్ని దాటేస్తుంది, కిడ్నీలు మాత్రం ఇవతలే ఉంటాయి.