మీరాసు పంపకం - ఆలస్యం వద్దు



బడిపంతుళ్ళం గనుక మేము ఒక లెక్క చెబుతాం. మనిషి పోయాక ఆస్తిలోంచి ముందు కఫన్-దఫన్ ఖర్చు, ఆపైన అప్పులు తీరాలి. భార్యకు బాకీపడ్డ మహర్ కూడా అప్పే. తర్వాత వసీయత్. అది మిగిలినదాంట్లో మూడో వంతు దాటరాదు. ఆ పైది వారసులది. తల్లిదండ్రులు ముందే పోయి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే 40 పాళ్ళు చేయాలి. భార్యకు 5, ఒక్కో కొడుక్కి 14, కూతురికి 7.

ఈ 7 పాళ్ళ దగ్గరే తగవు. "పెళ్ళి చేశాం గదా, ఇంకా వాటా ఏమిటి?" అంటారు. పెళ్ళి ఖర్చు వాటాకు చెల్లు కాదు. బ్యాంకు సొమ్ముకు నామినీ కూడా అందుకునే చెయ్యే గాని హక్కుదారు కాడు.

మన పక్క మరో చిక్కుంది. భద్రాచలం ఏజెన్సీలో 1970 నాటి 1వ రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరులు తమలో తాము కూడా స్థిరాస్తి అమ్ముకోరాదు, దానమివ్వరాదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. కనుక "చెల్లెలి వాటా మేమే కొంటాం" అని ఖమ్మంలో రాసుకున్నట్టు అక్కడ రాసుకుంటే చెల్లదు. న్యాయంగా మనదైన ఆస్తి వారసత్వంగా రావడానికి, వారసులు పంచుకోవడానికి మాత్రం అడ్డులేదు. అంటే చెల్లెలికి హద్దులు చూపి భూమే ఇవ్వాలి.

మా మనవి ఒక్కటే. చెహ్లుంకు అందరూ కూడతారు. భోజనాలయ్యాక కాగితాలు ముందు పెట్టండి. ఆడబిడ్డ నోరు తెరిచి అడిగేదాకా ఆగకండి. ఖుదా హాఫిజ్.