డెబియన్ ఎక్కించేశాం... ఇప్పుడేం చేయాలి?

పోయిన ఎపిసోడ్‌లో పెన్‌డ్రైవ్‌తో డెబియన్ 13 ఇన్‌స్టాల్ చేయడం చూశాం కదా. అక్కడిదాకా చాలామంది బాగానే వస్తారు. అసలు గొడవంతా ఆ తర్వాతే మొదలవుతుంది. వైఫై కనపడదు. ఏదైనా ఇన్‌స్టాల్ చేద్దామంటే మీకు అనుమతి లేదంటుంది. తెలుగులో టైప్ చేద్దామంటే ఎక్కడ నొక్కాలో తెలీదు. రెండు రోజులు చూసి "లైనక్స్ మనకి పడదులే" అని మళ్ళీ విండోస్ ఎక్కించేసుకుంటారు.

ఇదివరకైతే అది పెద్ద నష్టం కాదు. ఇప్పుడు పరిస్థితి వేరు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఏమో పాత ప్రాసెసర్లని ఒప్పుకోదు. అక్క ఇంజినీరింగ్ అయ్యాక తమ్ముడి చేతికొచ్చిన ల్యాప్‌టాప్ ఉంటుంది చూడండి, దానికి ఇంకో నాలుగైదేళ్ళు ఆయుష్షు పోయాలంటే ఈ దారే మంచిది. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టులో. మొదట మూడేళ్ళు, తర్వాత ఇంకో రెండేళ్ళు, మొత్తం అయిదేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. పైసా ఖర్చు లేదు. కాబట్టి మొదటి గంట ఓపిగ్గా కూర్చోండి.

ముందు ఇంటర్నెట్. వైఫై కనపడకపోతే కంగారు పడొద్దు. మీ ఫోన్ ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కేబుల్ డేటా పంపేది అయ్యుండాలి, ఉత్త ఛార్జింగ్ కేబుల్ పనికిరాదు. అంతే, నెట్ వచ్చేస్తుంది. దీనికి ఏ డ్రైవరూ వేయక్కర్లేదు, కెర్నల్‌లోనే ఉంటుంది.

మరి వైఫై ఎందుకు రాలేదు? వైఫై చిప్ లోపల ఒక చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంది, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. చాలా కంపెనీలు దాని సోర్స్ కోడ్ ఇవ్వవు. డెబియన్ వాళ్ళు చాలా ఏళ్ళు దాన్ని ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు, ఎందుకంటే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. 2022లో వాళ్ళలో వాళ్ళు ఓటింగ్ పెట్టుకుని, పోనీ జనం ఇబ్బంది పడుతున్నారు, ఇద్దాం అని నిర్ణయించారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందుకే ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌ల్లో వైఫై దానంతటదే వస్తుంది. పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కావాలి, ఒక్క మూసిన ముక్క కూడా వద్దు అనుకునేవాళ్ళకి ట్రిస్క్వెల్ ఉంది, ప్యూర్‌ఓఎస్ ఉంది. మంచి పట్టుదలే, నాకు గౌరవం ఉంది. కానీ మొదటిసారి లైనక్స్ వాడేవాళ్ళకి నేను చెప్పను. నెట్ రాకపోతే నేర్చుకోవడం కూడా ఆగిపోతుంది.

కొన్ని పాత బ్రాడ్‌కామ్ చిప్‌లు మాత్రం ఇప్పటికీ మొండికేస్తాయి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టండి, మీ చిప్ పేరు చెబుతుంది. ఆ పేరుతో డెబియన్ వికీలో వెతికితే ఏ ప్యాకేజీ వేయాలో దొరుకుతుంది.

ఇక రెండోది. అందరూ బోల్తా పడే చోటు ఇదే. సుడో అని కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే, మీ పేరు సుడోయర్స్ ఫైల్‌లో లేదు అంటుంది. పాస్‌వర్డ్ కరెక్టే. మరి ఏమైంది? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ అని ఒక డబ్బా వచ్చింది గుర్తుందా? దాన్ని ఖాళీగా వదిలేసుంటే మీకే సుడో అధికారం వచ్చేది. అందులో పాస్‌వర్డ్ పెట్టారు కాబట్టి, ఓహో, వేరే అడ్మిన్ ఉన్నాడన్నమాట అని డెబియన్ మిమ్మల్ని మామూలు యూజర్‌గా ఉంచింది. ఉబుంటు వీడియోలు చూసి చేసేవాళ్ళకి ఇక్కడే తల తిరిగిపోతుంది.

సరిచేయడం రెండు లైన్ల పని. స్క్రీన్ మీద చూడండి. ముందు ఎస్‌యూ, స్పేస్, డ్యాష్. ఆ డ్యాష్ మర్చిపోవద్దు. అది లేకపోతే రూట్ అవుతారు గానీ, కొన్ని కమాండ్‌లు దొరకలేదంటుంది. రూట్ పాస్‌వర్డ్ ఇవ్వండి. కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు, కీబోర్డ్ పాడైందనుకోకండి, అది అలాగే ఉంటుంది. తర్వాత యాడ్‌యూజర్, మీ యూజర్ పేరు, సుడో. అంతే. ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు సుడో ఆప్ట్ అప్‌డేట్. కొందరికి ఇక్కడ సీడీ పెట్టమని అడుగుతుంది. ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే ఉండదు, అదేం అడగడం అని నవ్వొస్తుంది. ఈటీసీ ఫోల్డర్‌లో ఆప్ట్ అనే ఫోల్డర్, దాంట్లో సోర్సెస్ డాట్ లిస్ట్ అనే ఫైల్ ఉంటుంది. నానోతో తెరిచి, సీడీరామ్ అని ఉన్న లైన్ ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేయండి. తర్వాత సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆప్ట్ ఏదైనా చేసేముందు ఒక జాబితా చూపిస్తుంది: ఇవి వేస్తాను, ఇవి తీసేస్తాను అని. మనకి ఫోన్‌లో అన్నిటికీ ఓకే ఓకే నొక్కేసే అలవాటు కదా. 2021లో లైనస్ సెబాస్టియన్ అనే పెద్ద టెక్ యూట్యూబర్ పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయారు. ఒక ప్యాకేజీలో పొరపాటు వల్ల, మొత్తం డెస్క్‌టాప్ తీసేస్తాను, సరేనా అని ఆప్ట్ అడిగింది. ఆయన సరే అని టైప్ చేశారు. తెర నల్లబడిపోయింది. లక్షలమంది చూశారు ఆ వీడియో. కాబట్టి తీసేసేవాటి జాబితా పొడుగ్గా ఉంటే, ఎన్ కొట్టి బయటికి వచ్చేయండి. అలాగే ఎక్కడో దొరికిన సుడో లైన్‌ని కాపీ చేసి పేస్ట్ చేయకండి. ఎవరో పంపిన ఏపీకేని ఫోన్‌లో ఎక్కిస్తారా? ఇదీ అంతే. ఉబుంటు కోసం రాసిన పీపీఏలని డెబియన్‌లో కలపడం కూడా వద్దు, కొన్నాళ్ళకి అప్‌డేట్లన్నీ చిక్కుపడిపోతాయి.

సరే, తెలుగు. ఇది నాకు ఇష్టమైన భాగం. ఫాంట్స్ డ్యాష్ టీఈఎల్‌యూ అనే ప్యాకేజీ వేయండి. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు వస్తాయి. ఫాంట్స్ డ్యాష్ తెలుగువిజయం అని ఇంకోటి ఉంది. దాంట్లో మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, సురవరం, గురజాడ, గిడుగు... వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఉన్న ఫాంట్‌లో మీరు ఫ్రెండ్‌కి కాలేజీ కబుర్లు రాసుకోవచ్చన్నమాట.

టైపింగ్‌కి ఐబస్ డ్యాష్ ఎమ్17ఎన్ ప్యాకేజీ. వేశాక లాగౌట్ అయి మళ్ళీ రండి. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్, ప్లస్ నొక్కితే తెలుగులో రెండు మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకి ఆర్‌టీఎస్ దగ్గరగా ఉంటుంది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. ఎక్కువ టైపింగ్ చేసేవాళ్ళు, పోటీ పరీక్షలకి తయారయ్యేవాళ్ళు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి, పదిహేను రోజులు కష్టం, తర్వాత హాయి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఒక మాట: డీటీపీ షాపు నుంచి వచ్చిన పాత ఫైల్ గజిబిజిగా కనపడితే అది లైనక్స్ తప్పు కాదు. అది యూనికోడ్ కాని ఫాంట్‌లో చేసింది. పీడీఎఫ్ ఇమ్మని అడగండి.

విండోస్ కూడా పక్కనే ఉంచుకున్నవాళ్ళకి రెండు సంగతులు. విండోస్‌లోకి వెళ్ళగానే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్ళిపోతుంది. బ్యాటరీ పోయిందని షాపుకి పరిగెత్తకండి. లైనక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో అంతర్జాతీయ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఆ తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్ స్క్రీన్ మీద ఇచ్చాను, ఒక్కసారి కొడితే చాలు. రెండోది, డెబియన్‌లో డి డ్రైవ్ తెరుచుకుంటుంది గానీ ఫైల్స్ సేవ్ కావు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు, సగం నిద్రలో ఉంటుంది.

ఫోన్‌ని కలపడానికి జీఎస్‌కనెక్ట్ వేసి, ఫోన్‌లో కేడీఈ కనెక్ట్ పెట్టుకోండి. రెండూ ఒకే వైఫైలో ఉంటే ఫోటోలు కేబుల్ లేకుండా వచ్చేస్తాయి. ఫైర్‌వాల్ ఆన్ చేసినవాళ్ళు మాత్రం 1714 నుంచి 1764 దాకా పోర్టులు తెరవాలి, లేకపోతే ఫోన్ కనపడదు.

ఆఖరుది, దయచేసి దీన్ని దాటేయకండి. టైమ్‌షిఫ్ట్ వేసి ఈరోజే ఒక స్నాప్‌షాట్ తీయండి. రేపు ఏ అప్‌డేటో తేడా చేస్తే ఇవాళ్టి స్థితికి వెనక్కి రావచ్చు. కానీ చాలామందికి తెలియని విషయం, టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైల్స్‌నే దాస్తుంది. మీ హోమ్ ఫోల్డర్‌ని, అంటే ఫోటోలు, ప్రాజెక్ట్ రిపోర్ట్, సర్టిఫికెట్ స్కాన్‌లు, వీటిని మామూలుగా ముట్టుకోదు. టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అని ధైర్యంగా ఉంటే హార్డ్‌డిస్క్ పోయిన రోజు రెండూ పోతాయి, ఎందుకంటే రెండూ ఒకే డిస్క్ మీదున్నాయి. మీ ఫైల్స్‌కి డేజా డుప్ వేసుకోండి. బయటి హార్డ్‌డిస్క్ పెట్టి, వారానికోసారి అని సెట్ చేస్తే అదే గుర్తు చేస్తుంది. హార్డ్‌డిస్క్ లేకపోతే కనీసం ఒక మంచి పెన్‌డ్రైవ్.

4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్ళకి గ్నోమ్ నెమ్మదిగా అనిపిస్తే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేసుకోవచ్చు, లాగిన్ దగ్గర ఏది కావాలో ఎంచుకుంటారు. ప్రింటర్ సంగతి పెద్దది, అది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. అప్పటికి మీ ప్రింటర్ మోడల్ నంబర్ చూసి రాసిపెట్టుకోండి. ఉంటాను.