మాట లేని చిత్రం, మూడు భాషల సీమ



భరతముని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వాచికాన్ని విడిచి మిగిలిన వాటితో నిలిచేది మూకాభినయం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల బాలలకు ఇది అపరిచితం కాదు. ఇంట తెలుగు, అంగడిలో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం. మాట తోచనిచోట చేయి, కన్ను ఆదుకుంటాయి.

ఈ కళకు చక్కని నిదర్శనం హోసూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులోనే చిత్రీకరణ జరుపుకున్నది. 1987 నాటి ‘పుష్పక విమానం’లో సంభాషణలే లేవు. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు తెలుగువారు, నాయకుడు కమల్ హాసన్ తమిళులు, నిర్మాత శృంగార్ నాగరాజ్ కన్నడిగులు. అనువాదం అక్కరలేని ఆ చిత్రానికి తమిళంలో పేరు మాత్రం మారింది: ‘పేసుం పడం’, అనగా మాట్లాడే చిత్రం! చమత్కారమే అయినా అది సత్యం.

మాట లేదు గాని శబ్దం ఉన్నది. హోటలు నిశ్శబ్దంలో నిద్రపట్టని నాయకుడు తన పాత బస పక్కనున్న సినిమాహాలు రొదను రికార్డు చేసి తెచ్చుకుని, అది వింటూ నిద్రిస్తాడు. పేదరికాన్ని ఇంతకన్నా ఏ సంభాషణ చెప్పగలదు?

మాట వస్తే చాలు, తెలుగు వ్రాత ఎందుకని అడిగే తల్లిదండ్రులు లేకపోలేదు. ఆ చిత్రంలో ప్రణయమంతా సైగలతోనే సాగుతుంది. వీడ్కోలు వేళ మాత్రం నాయిక గులాబీతో పాటు ఒక చీటీ విసురుతుంది. చిరునామాను అభినయించడం ఎవరి తరం? అక్షరాలే కావాలి. అతడు చదవకముందే గాలి ఆ చీటీని మురుగుకాలువ పాలు చేస్తుంది. చేతిలో గులాబీ మిగులుతుంది.